సెరిబ్రల్ పాల్సీ: వైద్యం ఇంటి దాకా రావాలి, భారం తల్లి ఒక్కదాని మీద పడకూడదు

వారానికి ఒకసారి థెరపీకి తీసుకురమ్మని డాక్టరు చెబుతారు. కనిగిరి నుంచి ఒంగోలు రిమ్స్‌కు ఎనభై కిలోమీటర్ల పైమాటే. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అది నిజంగా మేలే. కానీ పోయిన కూలి ఎవరిస్తారు? 2025–26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నెలకు నాలుగు ప్రయాణాలంటే 1,228 రూపాయలు ఒక్క తల్లి చేతిలోంచే పోతాయి. పెద్దబిడ్డ అయితే మోయడానికి తండ్రి కూడా వెళ్లాలి, అప్పుడు రెట్టింపు. మిరపకోతల రోజుల్లో అయితే పని వదులుకోవడం కుదరనే కుదరదు. అందుకే రెండు నెలలు తిరిగి మూడో నెల మానేస్తారు. ఆస్పత్రి పుస్తకంలో ‘ఫాలోఅప్‌కు రాలేదు’ అని పడుతుంది. ‘వీళ్లకు శ్రద్ధ లేదు’ అన్న మాట కూడా వెంటే వస్తుంది. ఆ మాటను మేము ఒప్పుకోం.

ఈ వ్యాసం అలాంటి కుటుంబాల కోసం, వాళ్ల దగ్గరికి వెళ్లే ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, సంఘాల కార్యకర్తల కోసం. సెరిబ్రల్ పాల్సీ అంటే ఏమిటి, ఇంట్లో ఏం చేయవచ్చు, ప్రభుత్వం నుంచి ఏం అడగాలి అన్నవి ఒకచోట పెడుతున్నాం. ఒక మాట ముందే చెప్పాలి. ప్రభుత్వ కాగితాల్లో ‘దివ్యాంగులు’, ‘విభిన్న ప్రతిభావంతులు’ అని రాస్తారు. మేము వికలాంగులు అనే రాస్తున్నాం. పేరు మార్చినంత సులువుగా మెట్ల పక్కన ర్యాంపు రాలేదు కదా.

జబ్బు మెదడుది, కాళ్లది కాదు

సెరిబ్రల్ పాల్సీని తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటారు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగలడం వల్ల వస్తుంది. ఆ దెబ్బ పెరగదు, తగ్గదు. కానీ దాని ప్రభావం కండరాల మీద, కీళ్ల మీద వయసుతోపాటు మారుతుంది. కొందరిలో కండరాలు బిగుసుకుపోతాయి, కొందరిలో వదులైపోతాయి, కొందరిలో చేతులూ ముఖమూ అదుపు లేకుండా మెలికలు తిరుగుతాయి. ఇంగ్లండు వైద్యుడు విలియం లిటిల్ 1861లోనే దీనికీ కష్టమైన కాన్పులకూ ఉన్న సంబంధం గురించి రాశాడు. చాలాకాలం దీన్ని ‘లిటిల్ జబ్బు’ అనే పిలిచారు.

నెలలు నిండకుండా పుట్టడం, మరీ తక్కువ బరువు, పుట్టగానే ఏడవకపోవడం, పుట్టిన తొలిరోజుల్లో ముదిరిపోయిన కామెర్లు, మెదడుకు సోకిన జ్వరాలు ఇందులో ముఖ్యమైన కారణాలు. చాలామందిలో కచ్చితమైన కారణం తేలదు. ప్రపంచం మొత్తం మీద వెయ్యి మంది పిల్లల్లో ఇద్దరికి దాకా ఉంటుందని అంచనా. పేద దేశాల్లో ఇంకా ఎక్కువ.

కనిగిరి, పామూరు, పొదిలి వైపు ఇంకో గందరగోళం ఉంది. ఈ నేల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. దానివల్ల పిల్లల కాళ్లు వంకర పోవడం ఇక్కడ అందరూ చూసిందే. అందుకని కాళ్లు సరిగా లేని ప్రతి బిడ్డనూ ‘ఫ్లోరిన్ నీళ్లు’ అని వదిలేస్తారు. రెండూ వేరు. ఫ్లోరైడ్ ఎముకను వంచుతుంది, ఆ పిల్లలు చాలావరకు మామూలుగానే నడక నేర్చుకుని తర్వాత వంకర పోతారు. సెరిబ్రల్ పాల్సీలో ఎముక కాదు, ఎముకను కదిలించమని చెప్పే మెదడు దెబ్బతింటుంది. మొదటి ఏడాదిలోనే తేడా కనబడుతుంది. మేనరికం వల్లే అని తల్లిని తప్పుపట్టడమూ అలాంటిదే. మేనరికం వల్ల వచ్చే కొన్ని జన్యు జబ్బులు చూడటానికి ఇలాగే ఉండొచ్చు గానీ, సెరిబ్రల్ పాల్సీకి అది ప్రధాన కారణం కాదు.

ఈ పిల్లలందరూ ఒకేలా ఉండరు. పెద్ద అధ్యయనాలు చెప్పిన లెక్క సుమారుగా ఇది: నలుగురిలో ముగ్గురికి నొప్పి ఉంటుంది. ఇద్దరిలో ఒకరికి మేధో వైకల్యం ఉంటుంది. ముగ్గురిలో ఒకరికి తుంటి కీలు జారుతుంది. నలుగురిలో ఒకరికి మాట రాదు. నలుగురిలో ఒకరికి మూర్ఛ వస్తుంది. దీన్ని తిరగేసి చదవండి. సగం మంది పిల్లలకు తెలివి మామూలుగానే ఉంటుంది. మాట రానంత మాత్రాన, చొంగ కారినంత మాత్రాన బిడ్డకు ఏమీ తెలియదనుకోకూడదు. బిడ్డ ముందే ‘ఈ పీడ ఎప్పుడు వదులుతుందో’ అనేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పండి.

కర్మ అన్న మాట

పూర్వజన్మ పాపమనీ, గాలి సోకిందనీ, గ్రహణం పట్టిందనీ ఇప్పటికీ అంటారు. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం రోజు పక్క రాష్ట్రం కర్ణాటకలోని కలబురగి దగ్గర వికలాంగ పిల్లలను మెడ దాకా మట్టిలో పూడ్చి ఉంచారన్న వార్తలు దేశమంతా చూసింది. అలా చేసిన తల్లిదండ్రులను తిట్టడం తేలిక. వాళ్లకు నిజమైన వైద్యం దగ్గరలో ఎవరూ చూపించలేదన్నది కూడా చెప్పాలి.

పుట్టుక కర్మఫలం అన్న వాదనను మనం కులం విషయంలో ఏనాడూ ఒప్పుకోలేదు. అంబేడ్కర్ మనకు నేర్పింది అదే. అదే వాదన మన ఇంట్లో బిడ్డ మంచం పక్కకు వచ్చి కూర్చుంటే ఎందుకు ఊరుకోవాలి?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.21 శాతం. షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. అన్ని రకాల వైకల్యాలూ కలిసిన లెక్క ఇది, ఒక్క సెరిబ్రల్ పాల్సీది కాదు. అయినా తేడా ఊరికే రాలేదు. గర్భిణికి రక్తహీనత, నెలలు నిండే దాకా చేను పనులు, ఆలస్యంగా అందే కాన్పు సాయం, పుట్టిన బిడ్డకు కామెర్లు వస్తే గుర్తించే మనిషి లేకపోవడం. ఇవి కర్మలో రాసి ఉన్నవి కావు.

ఎప్పుడు అనుమానించాలి

నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం. ఆరు నెలలకు కూడా పిడికిళ్లు బిగించే ఉండటం, బోర్లా పడకపోవడం. తొమ్మిది, పది నెలలకు కూర్చోలేకపోవడం. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకోవడం, కాళ్లు కత్తెరలా ఒకదానిపై ఒకటి పడటం. పాలు చప్పరించలేకపోవడం. ఏడాదిలోపే ఒక చేత్తోనే అన్నీ పట్టుకోవడం కూడా గమనించాల్సిందే. ‘మా వాడు ఎడమచేతి వాటం’ అని నవ్వుకుంటాం గానీ, అంత చిన్న వయసులో వాటం ఏర్పడదు. రెండో చెయ్యి సరిగా పనిచేయడం లేదేమో చూపించాలి.

‘కొందరు ఆలస్యంగా నడుస్తారులే, మూడేళ్లు రానీ’ అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం ఖరీదైనది. కెనడాలో పీటర్ రోజెన్‌బామ్ బృందం 2002లో వెలువరించిన అధ్యయనం ప్రకారం ఈ పిల్లలు కదలికల్లో తాము చేరగలిగిన స్థాయిలో సుమారు 90 శాతం అయిదేళ్లలోపే చేరుకుంటారు. బాగా తీవ్రంగా ఉన్న పిల్లల్లో మూడేళ్లలోపే. ఆ తర్వాత థెరపీ దండగ అని కాదు దీని అర్థం. తొలి సంవత్సరాలు వదిలేస్తే మళ్లీ రావని. ఇప్పుడు ఆరు నెలలలోపే గుర్తించే పరీక్షలు ఉన్నాయి. స్కానింగ్‌లో తేలేదాకా, పేరు ఖాయమయ్యేదాకా ఆగక్కర్లేదు, అనుమానం ఉన్నప్పుడే పని మొదలుపెట్టాలి.

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలో ఏడాదికి రెండుసార్లు పిల్లలను పరీక్షించాలి. ఎదుగుదలలో తేడా ఉంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. వాళ్లు వాడకు వస్తున్నారా, ఊళ్లో అంగన్‌వాడీ దాకా వచ్చి వెనక్కి పోతున్నారా అన్నది మనం చూసుకోవాల్సిన సంగతి.

కుటుంబ కేంద్రిత వైద్యం అంటే

పాత పద్ధతిలో బిడ్డను థెరపిస్టు చేతికి ఇస్తారు, అరగంట కాళ్లూ చేతులూ చాపి వంచి తిరిగి ఇస్తారు, తల్లి బయట బల్ల మీద కూర్చుంటుంది. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా వచ్చిన మార్పు ఏమిటంటే, ఆ అరగంట వల్ల వచ్చే లాభం కొంచెమే. ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్, ఆమె సహచరులు 2013లో, మళ్లీ 2020లో సెరిబ్రల్ పాల్సీ వైద్యాలన్నింటినీ వరుసగా పరిశీలించారు. ఇతరులు కాళ్లూ చేతులూ చాపడం వల్ల ఒరిగేది తక్కువనీ, బిడ్డ తనంతట తాను ఒక పని కోసం పదేపదే ప్రయత్నించడం, అది కూడా ఇంట్లో, రోజూ, కుటుంబం ఎంచుకున్న లక్ష్యం కోసం చేయడం బాగా పనిచేస్తుందనీ తేల్చారు.

కాబట్టి థెరపిస్టు మొదట అడగాల్సింది ‘మీకు ఏది కష్టంగా ఉంది?’ అని. ఒక తల్లి ‘నడవాలి’ అంటుంది. ఇంకో తల్లి ‘నేను పొలం పోయొచ్చేదాకా మా అత్త వాడికి అన్నం పెట్టగలిగితే చాలు’ అంటుంది. రెండోది చిన్న లక్ష్యం కాదు. దాని మీద ఇంటి కూలి ఆధారపడి ఉంది. రోజెన్‌బామ్, యాన్ విలెమ్ గోర్టర్ కలిసి 2012లో రాసిన వ్యాసంలో బిడ్డకు కావలసినవి పని చేయగలగడం, కుటుంబం, ఆరోగ్యం, సరదా, స్నేహితులు, భవిష్యత్తు అన్నారు. నడక ఒక్కటే జీవితం కాదని వాళ్ల మాటల సారం.

ఇక్కడ మా హెచ్చరిక ఒకటి ఉంది. ‘కుటుంబ కేంద్రితం’ అన్న పేరుతో అంతా తల్లికి నేర్పించి ఇంటికి పంపేస్తే అది బాధ్యత దులుపుకోవడమే. మన వాడల్లో తల్లి అంటే తెల్లవారుజామున వంట, పగలు కూలి, రాత్రి నీళ్లు. ఆమెకు రోజుకు గంట వ్యాయామాలు రాసి ఇస్తే చేయలేక, చేయలేదన్న అపరాధం మోస్తుంది. లేదంటే పదేళ్ల అక్క బడి మానేసి చెల్లిని చూసుకుంటుంది. ఒక బిడ్డ పునరావాసానికి ఇంకో బిడ్డ చదువు బలి. తండ్రి, నాయనమ్మ, మేనమామ, పక్కింటివాళ్లు అందరూ నేర్చుకోవాలి. నేర్పేవాళ్లు వాడకు రావాలి.

రోజువారీ పనుల్లోనే

వేరే సమయం అక్కర్లేని సంగతులు కొన్ని చెబుతాం. థెరపిస్టు ఒకసారి బిడ్డను చూసి చెప్పిన తర్వాత వీటిని పాటిస్తే మంచిది.

ఎత్తుకోవడం. కాళ్లు కత్తెరలా పడే బిడ్డను రెండు చేతుల మీద పడుకోబెట్టి మోయడం కంటే, మనవాళ్లు ఎప్పుడూ ఎత్తుకునేట్టే చంకన కాళ్లు విడిగా పెట్టి ఎత్తుకోవడం మేలు. తొడలు విడివడతాయి, తల పైకి లేస్తుంది, బిడ్డ లోకాన్ని చూస్తుంది. మన అమ్మమ్మల పద్ధతి ఇక్కడ సరిగ్గా సరిపోయింది.

పడుకోవడం, కూర్చోవడం. రోజంతా నులకమంచంలో వెల్లకిలా వదిలేయకూడదు. పాత చీరలు, దుప్పటి చుట్టగా చుట్టి వీపు వెనక పెట్టి పక్కకు తిప్పి పడుకోబెట్టవచ్చు. అదే చుట్టను రొమ్ము కింద పెట్టి బోర్లా ఉంచి ముందు బొమ్మ పెడితే తల ఎత్తుతుంది. రెండు గోడలు కలిసే మూలలో కూర్చోబెడితే రెండు పక్కలా ఆసరా దొరుకుతుంది. నిలబెట్టే చట్రం, ముందు పలక ఉన్న కుర్చీ లాంటివి ఊళ్లో వడ్రంగి చేయగలడు, కొలతలు థెరపిస్టు దగ్గర తీసుకోవాలి. మోకాళ్ల దాకా గుంత తీసి నిలబెట్టడం మాత్రం వద్దు.

స్నానం. కాళ్లు చాపుకుని బిడ్డను పడుకోబెట్టి నూనె రాసి పోసే స్నానంలో గోరువెచ్చని నీళ్లకు కండరాలు కాస్త వదులవుతాయి. బిగుసుకున్న కాలును మెల్లగా కదిలించడానికి అది మంచి సమయం. విసురుగా గుంజకూడదు, ఎముక విరుగుతుంది.

తిండి. అన్నింటికంటే ముఖ్యం ఇది, ఎందుకంటే ప్రాణం పోయేది ఎక్కువగా ఇక్కడే. వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పాలో జావో గొంతులో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, ఎదురుగా కూర్చుని, చిన్న చెంచాతో కొంచెం కొంచెం పెట్టాలి. పల్చటి నీళ్లకంటే చిక్కటి జావ, మెత్తగా పిసికిన పప్పన్నం మింగడం తేలిక. ఈ పిల్లలు తినేది తక్కువ. కాబట్టి ముద్దలో ఒక చెంచా నూనె కలపాలి, గుడ్డు పెట్టాలి. తినేటప్పుడు ప్రతిసారీ దగ్గు, గొంతులో గురగుర, మాటిమాటికీ జ్వరం ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మాట. నోటితో రాకపోతే కళ్లతో వస్తుంది. రెండు వస్తువులు చూపించి ఏది కావాలో కళ్లతో చూపించమనండి. అవునుకు ఒక సైగ, కాదుకు ఒక సైగ ఇంటిల్లిపాదీ ఒకేలా వాడండి. జవాబు కోసం పది లెక్కపెట్టేంత సేపు ఆగండి.

ఇంట్లో కుదరనివి కూడా ఉన్నాయి. మూర్ఛ మందులు డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. కూర్చోలేని, నడవలేని పిల్లలకు రెండేళ్లలోపు తుంటి ఎక్స్‌రే ఒకటి, తర్వాత మధ్యమధ్య మళ్లీ తీయించాలి. తుంటి జారడం మొదట్లో నొప్పి లేకుండానే జరుగుతుంది, తెలిసేసరికి ఆపరేషన్ తప్ప దారి ఉండదు.

మూలకణాల ఇంజక్షన్లతో నయం చేస్తామని నగరాల్లో కొందరు లక్షలు తీసుకుంటారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం సెరిబ్రల్ పాల్సీకి మూలకణ చికిత్స ఆమోదిత వైద్యం కాదు. ఉన్న అర ఎకరం దానికోసం అమ్మవద్దు.

ఏం అడగాలి, ఎక్కడ అడగాలి

2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఉంది. 40 శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు వస్తాయి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, పక్షవాతం వంటి కారణాలతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. వికలాంగుల పింఛనుకు వయసు పరిమితి లేదు కాబట్టి చిన్నపిల్లలకూ వర్తిస్తుంది. 2025లో జరిగిన పునఃపరిశీలనలో చాలామందికి శాతం తగ్గిందని నోటీసులు వచ్చాయి. అలా వస్తే ఊరుకోకుండా అప్పీలు చేసుకోవాలి. బిడ్డ తిండి ఎలా తింటుందో, మూర్ఛ ఎన్నిసార్లు వస్తుందో రాసిన కాగితాలు, పాత ఆస్పత్రి చీటీలు వెంట పెట్టుకోవాలి. శిబిరంలో డాక్టరు బిడ్డను చూసేది కొన్ని నిమిషాలే.

1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, ఓపీ, థెరపీ ఖర్చులకు కూడా. ఈ బీమా పేరు మన వాడల్లో చాలామంది వినలేదు. బిడ్డకు 18 నిండితే కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ దగ్గర చట్టబద్ధ సంరక్షకత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

చదువుకు సమగ్ర శిక్ష కింద మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపిస్టు వస్తారు. బిడ్డకూ వెంట వచ్చేవారికీ ప్రయాణ భత్యం అడగండి. కదల్లేని పిల్లలకు టీచరు ఇంటికి వచ్చి చెప్పాలి. మామూలు బడి చేర్చుకోనంటే అది చట్టవిరుద్ధం. 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య ఈ పిల్లల హక్కు.

ఇంకొకటి. బిడ్డ వైకల్యాన్ని పట్టుకుని నలుగురిలో అవమానిస్తే వికలాంగుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల శిక్ష ఉంది. అవతలి కులంవాడు కులం పేరు కూడా కలిపి తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టమూ వర్తిస్తుంది. రెండూ కలిపే ఫిర్యాదు రాయించాలి.

ఇంతకుముందు చేసి చూపించారు

మన దేశంలో ఈ పని మొదలుపెట్టింది ఎక్కువగా తల్లులే. కూతురు మాలిని కోసం మిథు ఆలూర్ 1972లో ముంబయిలో స్పాస్టిక్స్ సొసైటీ పెట్టారు. 1985లో మద్రాసులో పూనమ్ నటరాజన్ మొదలుపెట్టిన సంస్థే ఇప్పటి విద్యాసాగర్. వాళ్లు చదువుకున్నవాళ్లు, నగరాల్లో ఉన్నవాళ్లు. పల్లె తల్లులకు కావలసింది సంఘం. ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు, ఇందిరా క్రాంతి పథం రోజుల్లో సెర్ప్ వికలాంగుల సంఘాలు కట్టింది. కొన్ని మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం నైబర్‌హుడ్ సెంటర్లు నడిచాయి. అనంతపురంలో దళిత, గిరిజన పల్లెల్లో పనిచేసే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ కూడా పల్లె స్థాయి సంఘాలతో ఈ పిల్లల పునరావాసం చేసింది. బంగ్లాదేశ్ గ్రామాల్లో తల్లిదండ్రులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి బొమ్మల పుస్తకంతో తిండి, కూర్చోవడం, ఆట నేర్పించే పద్ధతిని లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ వాళ్లు తయారుచేశారు. అది నేర్చుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు.

కనిగిరి ప్రాంతంలో మేము అడుగుతున్నది కూడా అంతే. ఎస్సీ కాలనీ అంగన్‌వాడీలో వారానికి ఒక పూట ఫిజియోథెరపిస్టు, చుట్టుపక్కల నాలుగైదు పల్లెల తల్లిదండ్రులు అక్కడికే రావాలి. ఒంగోలు ప్రయాణం మూడు నెలలకు ఒకసారి, ఎక్స్‌రేకో మందు మార్పుకో మాత్రమే ఉండాలి. వచ్చిన రోజుకు తల్లికైనా తండ్రికైనా ఒక రోజు కూలి కట్టివ్వాలి. 2013 ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టాన్ని 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఆ నిధుల్లోంచి ఈ ఖర్చు పెట్టమని గ్రామసభలో తీర్మానం రాయించి, ఒక నకలు సాంఘిక సంక్షేమ శాఖకు, ఒక నకలు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజాసమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి.